స్టిక్, అడ్హియర్, క్లింగ్: ఎక్కడ ఏది మేలు?

ఇంగ్లిష్ నిఘంటువు తెరిస్తే స్టిక్, అడ్హియర్, క్లింగ్ మూడింటికీ ఇంచుమించు ఒకటే అర్థం: అంటుకొను, అతుక్కొను. పరీక్షలో మార్కు వేయించుకోడానికి అది సరిపోతుందేమో గానీ, మెయిల్ రాయాల్సి వస్తే దానివల్ల ఒరిగేదేం లేదు.

కవరు మీద స్టాంపు నిలవకపోతే 'ఇట్ వోంట్ స్టిక్' అంటే చాలు. అక్కడ అడ్హియర్ అంటే పెళ్లి బంతిలో కోర్టు భాష మాట్లాడినట్టుంటుంది. పెయింట్లు, పూతల గురించిన టెక్నికల్ రాతల్లో, రూల్స్ చెప్పే సర్క్యులర్లలో అయితే అది బాగా ఇముడుతుంది. 'అడ్హియర్ టు ద టైమింగ్స్' అని టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టి చూడండి, మేనేజరుకు కోపమొచ్చిందేమోనని అందరికీ టెన్షన్. 'లెట్స్ స్టిక్ టు ద టైమింగ్స్' అంటే ఏ గొడవా లేదు. రోజువారీ వాడకానికి నా ఓటు స్టిక్‌కే.

కాకపోతే దాని పక్కన చేరే చిన్న మాటను గమనించుకోవాలి. స్టిక్ టు అంటే ప్లానుకో, ఇచ్చిన మాటకో కట్టుబడటం. స్టిక్ విత్ అంటే జిమ్ లాంటిదాన్ని కష్టమైనా మానకపోవడం. స్టిక్ బై అంటే మనిషికి అండగా నిలబడటం. 'ఐ యామ్ స్టక్' అన్నారంటే లిఫ్టులోనో లెక్కలోనో ఇరుక్కున్నారన్నమాట.

క్లింగ్‌కు జిగురు అక్కర్లేదు, పట్టుంటే చాలు. వానలో తడిసిన చొక్కా ఒంటికి అంటుకుపోయినా, కొత్తవాళ్లను చూసి పిల్ల అమ్మ కొంగు వదలకపోయినా అది క్లింగే. కుర్చీ పట్టుకుని వేలాడే నాయకుడికీ ఇంగ్లిష్ పత్రికలు ఇదే మాట వాడతాయి. 'షీ ఈజ్ క్లింగీ' అని మాత్రం ముద్దుగా అనబోకండి. ఊపిరాడనివ్వదని అర్థం వస్తుంది.

ఇక కొహీషన్, కొహీరెన్స్. విదేశీ చదువుల కోసం ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకు ఈ జంట తప్పదు, రైటింగ్ మార్కుల్లో పావు వంతు దీనిదే. కొహీషన్ అంటే వాక్యానికీ వాక్యానికీ మధ్య అతుకు. కొహీరెన్స్ అంటే చెప్పే విషయమంతా ఒక దారిలో నడవడం. ఇది చూడండి: 'హైదరాబాద్‌లో ట్రాఫిక్ ఎక్కువ. మోరోవర్, అక్కడ మెట్రో 2017లో మొదలైంది. దేర్‌ఫోర్, పిల్లలు ఆన్‌లైన్‌లోనే చదవాలి.' అతుకులన్నీ ఉన్నాయి, తలా తోకా లేదు. లింకింగ్ వర్డ్స్ జాబితా బట్టీ పడితే వచ్చేది ఇలాంటి పేరానే. రెండింట్లో ముందు పట్టుకోవాల్సింది కొహీరెన్స్‌ని. విషయం వరసలో ఉంటే ఒకటి రెండు అతుకులు లేకపోయినా చదివేవాళ్లు సర్దుకుంటారు.

ఫిజిక్స్‌లో మాత్రం కొహీషన్‌కు జోడీ అడ్హెషన్. నీటి అణువులు తమలో తాము లాక్కునేది కొహీషన్, నీటిని ఆకు లాగేది అడ్హెషన్. తామరాకు మీద మొదటిదే గెలుస్తుంది కాబట్టి బొట్టు గుండ్రంగా దొర్లిపోతుంది.

ల్యాబు రిపోర్టుల్లో ఇంకో రెండు కనిపిస్తాయి. గాయం దగ్గర రక్తం గడ్డకడితే క్లాట్. టైఫాయిడ్‌కు చేసే వైడాల్ టెస్టులో యాంటీబాడీలు బ్యాక్టీరియాను గుంపులుగా అంటిస్తే అగ్లుటినేషన్. దీన్ని అక్కడికే వదిలేయండి, మామూలు మాటల్లో పనికిరాదు. అన్నట్టు, 'ఇంట్లోవాళ్లతోనే' అంటూ ముక్క మీద ముక్క అతికించుకుపోయే మన తెలుగునూ భాషాశాస్త్రంలో అగ్లుటినేటివ్ భాష అనే అంటారు.

చివరగా క్లీవ్. పాత ఇంగ్లిష్‌లోని రెండు వేర్వేరు క్రియలు కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చి, అతుక్కోవడానికీ చీల్చడానికీ ఇదే మాటైంది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో భర్త భార్యను 'క్లీవ్' అవుతాడు, తెలుగు బైబిల్లో అక్కడ 'హత్తుకొనును' అని ఉంటుంది. సొంతంగా రాసేటప్పుడు దీని జోలికి పోకపోవడమే మేలు. చదివేటప్పుడు ఎదురైతే పక్కన టు గానీ అన్‌టు గానీ ఉందేమో చూడండి. ఉంటే అతుక్కున్నట్టే.