పల్లె బొమ్మకు ఏది మేలు: ఊరికెళ్లి వేయడమా, ఫోటో చూసా, గుర్తు మీదా?

హైదరాబాద్‌లో ఉంటూ పల్లె దృశ్యాలు వేసే వాటర్‌కలర్ ఆర్టిస్టులు మూడు రకాలుగా పని చేస్తారు. కొందరు చేవెళ్ల వైపో శామీర్‌పేట అవతలికో వెళ్లి, చెరువు గట్టు మీద కూర్చుని వేస్తారు. కొందరు ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చి ఇంట్లో వేస్తారు. మిగిలినవాళ్లు చిన్నప్పటి ఊరిని గుర్తు చేసుకుంటూ వేస్తారు.

ఫోటోతో సుఖం ఎక్కువ. ఎండ లేదు, టెన్షన్ లేదు. కానీ నీటిరంగుల్లో తెలుపంటే రంగు పూయకుండా వదిలేసిన కాగితమే. వెలుగు ఎక్కడ వదలాలో ముందే తేల్చుకోవాలి. ఎండ బాగా ఉన్నప్పుడు తీసిన ఫోటోలో గూనపెంకుల ఇంటి చూరు కింద నీడ నల్లటి ముద్దగా పడుతుంది. అక్కడే నిలబడి చూస్తే ఆ నీడలోనూ రంగులున్నాయి: ఎర్రమట్టి వాకిలి మీద పడ్డ ఎండ పైకి కొట్టి చూరు లోపలికి కాస్త నారింజ ఛాయ తెస్తుంది, నేల మీది నీడలో ఆకాశపు నీలం కనిపిస్తుంది. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియన్నా అనే ఎర్రగోధుమ రంగు కలిపితే దాదాపు ఆ నీడ దొరుకుతుంది. ఫోటోను నమ్మినవాళ్లు నలుపు పూసేస్తారు, బొమ్మ అక్కడే చచ్చిపోతుంది.

ఊరికెళ్తే కష్టాలు వేరు. మే నెలలో ఆకాశం వాష్, అంటే పల్చటి రంగు పూత, కిందికి దించేలోపే పైన ఆరిపోయి గీతలు తేలతాయి. వానాకాలంలో ఎంతకీ ఆరదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి. నీడలు జరిగిపోతూనే ఉంటాయి కాబట్టి చిన్న కాగితమే నయం.

ఇక గుర్తు మీద వేయడం. నాకు ఎక్కువ అనుమానం దీని మీదే. పూరిగుడిసె, ఎడ్లబండి, సూర్యాస్తమయం, వెనక కొబ్బరి తోపు! కొబ్బరి తోపులు కోనసీమవి. మెదక్, నల్గొండ పల్లెలంటే తాటి, ఈత, చింత, బండరాళ్ల గుట్టలు. మెదక్‌లో పుట్టినవాళ్లూ కొబ్బరిచెట్లే వేస్తున్నారంటే వాళ్లకు గుర్తొస్తున్నది ఊరు కాదు, గోడ క్యాలెండర్. అన్నట్టు, ఇప్పుడు ముప్పై నలభై ఏళ్లున్నవాళ్ల చిన్నతనంలో ఊళ్లో కరెంటు స్తంభాలున్నాయి. బొమ్మల్లోనే లేవు. సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య వేసిన పల్లె పండగలూ, పని చేసుకునే మనుషులూ చూసినవారికి ఆ ఊళ్లు ఎక్కడివో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక్కటే ఎంచుకోమంటే ఊరికి వెళ్లడమే. రంగుల పెట్టె లేకపోయినా పర్వాలేదు, పెన్సిల్‌తో వెలుగునీడలు గీసి, పక్కన రంగుల పేర్లు రాసుకుంటే చాలు. బండి చక్రం ఆకుల్లాంటి వివరాలకు ఫోటో ఉంచుకుని, ఇంటికొచ్చి నోట్‌బుక్ చూసి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాటన్ కాగితం మీద వేయాలి. చెక్క గుజ్జుతో చేసే మామూలు సెల్యులోజ్ కాగితం సాధనకు సరే, నాలుగు పొరలు తడిపితే మాత్రం తట్టుకోదు.

ఊరికెళ్లే వీలే లేకపోతే మాదాపూర్ శిల్పారామంలోని గ్రామీణ మ్యూజియం ఉంది. గుడిసెలూ మనుషులూ నమూనాలే అయినా చూరు కింద నీడ అసలుదే. వారాంతాల్లో జనం ఎక్కువ. మామూలు రోజైతే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.