ఫెంగ్‌షుయ్ సలహా పేరుతో వస్తువులు అంటగడుతున్నారు, జాగ్రత్త

ఇంట్లో సామరస్యం కోసం ఫెంగ్‌షుయ్ (వాస్తులా ఇంటి దిక్కులూ అమరికా చూసే చైనా పద్ధతి) నిపుణుణ్ణి పిలవాలనుకుంటున్నవారికి ముందుగా ఒకటే విన్నపం. దోషం చెప్పే మనిషే దానికి విరుగుడు కూడా అమ్ముతుంటే డబ్బు ఇవ్వకండి. గత ఏడాది మా అక్కావాళ్ల ఇంట్లో జరిగినదంతా దగ్గరుండి చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉంది, అందుకని ఆ సంస్థ పేరు రాయడం లేదు. పేరు తెలియకపోయినా వాళ్ల పని తీరు తెలిస్తే చాలు, ఎవరింటికి ఎవరు వచ్చినా గుర్తుపట్టవచ్చు.

అక్కా బావగారూ మియాపూర్ వైపు కొత్త ఫ్లాట్‌లోకి మారిన కొన్ని నెలలకే బావగారి గుండెకు స్టెంట్ వేశారు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మేనల్లుడికి మార్కులు పడిపోయాయి. అక్కకూ వాళ్ల అత్తగారికీ మధ్య మాటా మాటా పెరిగేది. అలాంటి రోజుల్లో మనసు ఏదో ఒక ఆసరా వెతుక్కుంటుంది. అందులో అక్క తప్పు ఏమీ లేదు. ఆ ఆసరాను సరుకుగా మార్చి అమ్మినవాళ్లదే తప్పంతా.

రావడానికి ముందే వాళ్లు ఫోనుకు ఒక పత్రం పంపారు. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉంది, అప్పులు ఎంత, పిల్లల చదువు ఎలా ఉంది, దంపతుల మధ్య గొడవలు ఉన్నాయా, అన్నీ నింపి పంపాలి. అక్క నిజాయితీగా నింపింది. తరువాత ఇంటికి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి, చేతిలో దిక్సూచి పట్టుకుని, కళ్లు మూసుకుని, ‘ఈ ఇంట్లో యజమాని గుండెకు సంబంధించిన గండం కనిపిస్తోంది’ అన్నాడు. మనం రాసి ఇచ్చిన సంగతినే మనకు దివ్యదృష్టిలా వినిపించారన్నమాట. దయచేసి అలాంటి పత్రాలు నింపకండి. ఇంటి ప్లాను, దిక్కులు చాలవా సలహా చెప్పడానికి?

సందర్శన రుసుము 11,116 రూపాయలు. వస్తువులకు మరో 74,000. డబ్బంతా సంస్థ ఖాతాకు కాకుండా ఒక వ్యక్తి ఫోను నంబరుకు పంపించుకున్నారు. బిల్లు అడిగితే ‘దక్షిణ’ అని రాసిన చీటీ ఇచ్చారు.

ఇక దిక్కుల సంగతి వివరంగా చెప్పాలి, మోసం అక్కడే మొదలైంది. సంప్రదాయ పద్ధతిలో వాడే లువోపాన్ అనే దిక్సూచిలో వృత్తాన్ని 24 భాగాలు చేస్తారు. ఒక్కో భాగం 15 డిగ్రీలు. కాబట్టి ముల్లు కొద్దిగా పక్కకు జరిగితే ఇంటి లెక్క మొత్తం మారిపోతుంది. ఇనుప గ్రిల్లు, లిఫ్టు, గోడల్లోని ఉక్కు ఊచలు ముల్లును లాగేస్తాయి. అందుకే శ్రద్ధగా చేసేవాళ్లు వేర్వేరు చోట్ల నిలబడి కొలిచి సరిచూసుకుంటారు. ఈయన ఇనుప గ్రిల్లు పక్కన నిలబడి ఒక్కసారి చూసి రాసుకున్నాడు. నేను బాల్కనీలో, గ్రిల్లుకు దూరంగా కొలిస్తే వేరే భాగం వచ్చింది. అపార్ట్‌మెంట్‌లో ఇంటి ముఖం ఏది అన్న విషయం మీద ఆ విద్య తెలిసినవాళ్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. భవనం ప్రవేశద్వారమా, ఫ్లాట్ గుమ్మమా, వెలుతురు వచ్చే బాల్కనీనా? ఇదంతా అక్కకు ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ తరువాత వాళ్ల సహాయకురాలు వచ్చింది. మొదటి మనిషి దిక్సూచి ప్రకారం సంపద స్థానం ఆగ్నేయం అన్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే ఎడమవైపు చివరి మూల సంపద స్థానం అంది. వాళ్లది తూర్పు గుమ్మం. లోపలికి నడిచేవారికి ఎడమ చివర వచ్చేది నైరుతి. ఇవి రెండు వేర్వేరు సంప్రదాయాలు. దిక్సూచి పద్ధతి పాతది. గుమ్మాన్ని బట్టి మూలలు చెప్పే పద్ధతి 1980లలో లిన్ యున్ అనే గురువు ద్వారా అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది. ఏ ఒక్కటి నమ్మినా అది మీ ఇష్టం. కానీ రెండూ కలిపి ఆగ్నేయానికి రాళ్లతో చేసిన ఒక సంపద వృక్షం, నైరుతికి ఇంకొకటి అమ్మడం ఏ శాస్త్రం? ఆగ్నేయంలో ఉన్నది వంటగది. పొయ్యి పక్కన ఆ రాళ్ల చెట్టు నూనె జిడ్డు పట్టి కూర్చుంది.

ఈశాన్యంలో చేసిన పని నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. ఫెంగ్‌షుయ్‌లో ఏటా నక్షత్రాలు స్థానాలు మారతాయని ఒక లెక్క ఉంది. ఫిబ్రవరి 4 ప్రాంతంలో కొత్త లెక్క మొదలవుతుంది. అందులో ‘అయిదో పసుపు’ అనే నక్షత్రాన్ని చెడ్డదిగా చెబుతారు. 2025లో అది ఈశాన్యానికి వచ్చింది. మన ఇళ్లలో ఈశాన్యం అంటే దేవుడి గది. ఆ ఏడాది అక్కడ దీపం పెట్టకూడదు, గంట కొట్టకూడదు, మందిరాన్ని కదపాలి అని చెప్పారు. అక్క వాళ్ల అత్తగారు కన్నీళ్లు పెట్టుకున్నారు. అప్పుడు ‘కదపలేకపోతే ఒక ఉపాయం ఉంది’ అంటూ ఆరు గొట్టాల గాలిగంటలూ, ఉప్పునీటి సీసా ఒకటీ తీశారు. గాజు సీసాలో ఉప్పు పోసి, ఆరు నాణేలు పెట్టి, నీళ్లు నింపి ఏడాదంతా వదిలేయాలి. ఉప్పునీళ్లను అలా వదిలేస్తే ఏమవుతుందో వంటింటి ఉప్పు జాడీ చూసిన ఎవరికైనా తెలుసు. ఉప్పు గాజు అంచు మీదుగా పాకి బయటికి పొంగింది, టేకు మందిరం మీద తెల్లగా పేరుకుంది, పక్కనే ఉన్న ఇత్తడి కుందులకు చిలుము పట్టింది. మందిరం అడుగు చెక్క రంగు పోయింది. 2026లో అదే నక్షత్రం దక్షిణానికి మారిందని, కొత్త సామగ్రి కావాలని మళ్లీ ఫోను చేశారు. ఏడాదికోసారి దిక్కు మారుతూనే ఉంటుంది, కాబట్టి వాళ్ల అమ్మకానికి అంతం లేదు.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. ఆ లెక్కలో ఇరవై ఏళ్లకు ఒక దశ. ఎనిమిదో దశ 2004 నుంచి 2024 వరకు నడిచింది, తొమ్మిదోది 2024 ఫిబ్రవరిలో మొదలై 2044 వరకు ఉంటుంది. ‘మీ భవనం పాత దశలో కట్టినది, దాని బలం అయిపోయింది, మార్పిడి చేయించాలి’ అని ఎవరైనా అంటే ఆ మార్పిడి అంటే ఏమిటో అడగండి. నేల పలకలు పీకడం నుంచి గోడలు కొట్టడం దాకా పోతుంది.

గోడ అంటే గుర్తొచ్చింది. వంటగది తలుపు మూసేసి హాలు వైపు గోడలో కొత్త ద్వారం తీయమన్నారు, వాళ్లకు తెలిసిన మేస్త్రీనే పంపుతామన్నారు. ఈ మధ్య వస్తున్న ఎత్తయిన భవనాల్లో చాలావాటిలో ఇటుక గోడలు ఉండవు. అల్యూమినియం అచ్చుల్లో గోడలనూ స్లాబునూ కలిపి కాంక్రీటుతో పోస్తారు. అందులో గోడే భవనం బరువు మోస్తుంది. దానికి రంధ్రం పెడితే మీ ఇంటికే కాదు, పైన ఉన్న అంతస్తులన్నిటికీ ప్రమాదం. అసోసియేషన్ ఇంజినీరు వచ్చి ఆపబట్టి సరిపోయింది. స్తంభాలు, దూలాలు ఉన్న పాత భవనంలోనైనా స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వకంగా చెప్పనిదే గోడ ముట్టుకోకండి.

ఎదుటి ఫ్లాట్ గుమ్మం అక్కావాళ్ల గుమ్మానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అటునుంచి చెడు శక్తి వస్తోందని ఎనిమిది కోణాల బాగువా అద్దం బయట తగిలించారు. దాని పని ఏమిటంటే వచ్చే చెడును వచ్చిన వైపే తిప్పికొట్టడం. అంటే ఎదుటివాళ్ల ఇంట్లోకి! పండగకు పిండివంటలు ఇచ్చిపుచ్చుకునే ఇళ్లు అవి. ఎదుటింటి పెద్దావిడ అది తమ మీద చేయించిన ప్రయోగం అనుకున్నారు, అనుకోకుండా ఎలా ఉంటారు? మాటలు ఆగిపోయాయి, అసోసియేషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. సామరస్యం కోసం డబ్బు కట్టి ఇరుగుపొరుగుతో వైరం తెచ్చుకున్నట్టయింది. అద్దం తీసేసి, అక్క స్వయంగా వెళ్లి మాట్లాడాక గానీ ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

ఇప్పుడు వస్తువుల నాణ్యత. ‘హిమాలయ స్ఫటిక గోళం’, ‘సహజ సిట్రిన్ వృక్షం’, ‘ఇత్తడి మూడుకాళ్ల కప్ప’, ‘పురాతన చైనా నాణేలు’ అని నాలుగు పెద్ద వస్తువులు. గోళాన్ని రత్నపరీక్ష కేంద్రంలో ఇస్తే గాజు అని నివేదిక వచ్చింది. ఇంట్లోనే కొంతవరకు పరీక్షించుకోవచ్చు. తెల్ల కాగితం మీద సన్నని గీత గీసి, గోళాన్ని దాని మీద ఉంచి నెమ్మదిగా తిప్పుతూ చూడండి. నిజమైన స్ఫటికంలో ఏదో ఒక కోణంలో గీత రెండుగా కనిపిస్తుంది, గాజులో ఎటు తిప్పినా ఒక్కటే. లోపల గుండ్రని గాలి బుడగలు ఉంటే అది గాజే. సిట్రిన్ అనే పసుపు రాయి విషయానికి వస్తే, సహజమైనది అరుదు. మార్కెట్లో దొరికేదానిలో ఎక్కువ భాగం ఊదారంగు అమెథిస్ట్‌ను కాల్చి పసుపు తెప్పించినది. అదీ రాయే, అందంగానే ఉంటుంది, కానీ సహజమని చెప్పి ఆ ధర తీసుకోవడం మోసం. కప్ప అడుగున గోరుతో గీస్తే బంగారు రంగు లేచి తెల్లటి రెసిన్ బయటపడింది. నాణేల మీద 1644 నుంచి 1820 వరకు పాలించిన అయిదుగురు చింగ్ వంశ చక్రవర్తుల పేర్లు ఉన్నాయి. అయిదింటికీ ఒకే మెరుపు, ఒకే అంచు, ఒకే అరుగుదల. కొత్తగా పోసిన నకళ్లు. లక్కీ వెదురు అని అమ్మేది అసలు వెదురే కాదు, డ్రసీనా జాతి మొక్క. నర్సరీలో చవకగా దొరుకుతుంది. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే అందకుండా పెట్టండి, వాటికి పడదు.

వెనక్కి తీసుకోమంటే ‘మీ పేరు మీద శక్తి నింపాం, తిరిగి తీసుకోం’ అన్నారు.

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించింది రాగి పిరమిడ్ మూత ఉన్న నీళ్ల పాత్ర. ఆ నీళ్లు తాగితే షుగరు తగ్గుతుందని కరపత్రంలో అచ్చువేశారు. అక్క వాళ్ల అత్తగారు ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశారు. రక్తపరీక్షలో బయటపడింది. పిరమిడ్‌కు ఫెంగ్‌షుయ్‌తోనూ సంబంధం లేదు, మన వాస్తుతోనూ లేదు. తాయెత్తులు, యంత్రాలు, కవచాల వంటివాటితో మధుమేహం నయమవుతుందని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అలాంటి కరపత్రం చేతికి వస్తే పారేయకండి, దాచండి. మహారాష్ట్రలో ఉన్న తెలుగువారు ఇంకొకటి గమనించాలి. అతీత శక్తులు ఉన్నాయంటూ యంత్రాలను టీవీలో ప్రచారం చేసి అమ్మడం చేతబడి వంటి దురాచారాలను నిషేధించే అక్కడి 2013 చట్టం ప్రకారం చెల్లదని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2021 జనవరిలో తీర్పు చెప్పింది.

ఫెంగ్‌షుయ్ మీద నాకు ద్వేషం లేదు. చైనా పండితుడు గువో పు (276–324) పేరు మీద ఉన్న పాత గ్రంథంలో మాట్లాడేది కొండలు, నీళ్లు, గాలి నడక గురించి. అది కూడా సమాధి స్థలాలు ఎంచుకోవడానికి. ఆ ధోరణిలో ఇంటికి పనికొచ్చే మంచి మాటలు కొన్ని ఉన్నాయి. గుమ్మం దగ్గర చెప్పులూ పెట్టెలూ పేర్చకుండా దారి వదలడం, మంచం తల వైపు గట్టి గోడ ఉండేలా, పడుకున్నచోటి నుంచి తలుపు కనిపించేలా వేసుకోవడం, ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం. వీటికి ఎవరికీ రూపాయి కట్టనక్కరలేదు. అక్క ఇల్లంతా సర్ది, మేనల్లుడి చదువు బల్లను గోడ మూల నుంచి కిటికీ పక్కకు జరిపింది. ఇల్లు తేలికపడింది.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవారు చేయవలసింది ఇది. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడమూ అంతే. కాబట్టి వెంటనే రాతపూర్వకంగా అడగండి, సందేశాలు, చెల్లింపు రసీదులు, కరపత్రాలు, చీటీలు భద్రం చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫిర్యాదు రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. కమిషన్ ముందు ‘ఇంట్లో శక్తి పెరగలేదు’ అని వాదించవద్దు, అది తేలే విషయం కాదు. స్ఫటికమని గాజు, ఇత్తడి అని రెసిన్ అమ్మారని పరీక్ష నివేదికతో చూపించండి. వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, ఆ గడువు దాటనివ్వకండి.