జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కె: ఇన్నేళ్లకి మళ్ళీ వాడి చూశా

చిన్నప్పుడు అన్నయ్యా నేనూ వంతులేసుకుని వాడిన ఇంటి కంప్యూటర్ ఇది. మధ్యలో ఎటు పోయిందో పోయింది, ఇప్పుడు పనిచేసేది ఒకటి చేతికొచ్చింది, రెండు వారాలుగా రాత్రిళ్ళు దీని ముందే కూర్చుంటున్నా కాబట్టి వివరంగా రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం చెప్తా, 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సింక్లెయిర్ రీసెర్చ్ వాళ్ళు రిలీజ్ చేశారు. జెడ్80ఎ ప్రాసెసర్, 3.5 మెగాహెర్ట్జ్, ర్యామ్ (మెమరీ) 16కె ది ఒకటి 48కె ది ఒకటి, కె అంటే కిలోబైట్లు. మానిటర్ ఉండదు, టీవీకే తగిలించాలి. డిస్క్ ఉండదు, పాటలు వినే టేప్ రికార్డరే స్టోరేజీ. ఆన్ ఆఫ్ స్విచ్ కూడా లేదు, వైరు పెడితే ఆన్, పీకేస్తే ఆఫ్, అంతే.

కీబోర్డు సంగతి. 40 రబ్బరు బటన్లు, నొక్కితే మెత్తగా లోపలికి పోతాయి, వేగంగా టైప్ చేద్దామంటే కుదరదు. కానీ అసలు అక్షరం అక్షరం కొట్టే పనే పెట్టలేదు, లైను మొదట్లో పి నొక్కితే ప్రింట్ అనే మాట మొత్తం పడిపోతుంది, జె నొక్కితే లోడ్. ఒక్కో బటన్ మీదా చుట్టుపక్కలా నాలుగైదు పదాలు అచ్చేసి ఉంటాయి, ఏది ఎక్కడుందో వెతుక్కోవడానికి మొదట్లో చాలా టైం పడుతుంది. అలవాటయ్యాక మాత్రం వేళ్ళు మర్చిపోవు. అన్నయ్యకి వీడియో కాల్‌లో చూపించానో లేదో, "జె కొట్టరా, తర్వాత సింబల్ షిఫ్ట్ పట్టుకుని పి రెండుసార్లు" అన్నాడు, టేప్ నుంచి గేమ్ ఎక్కించే కమాండ్ అది, నేను అడగనేలేదు.

ఇక లోడింగ్, నాకు అన్నిటికంటే ఇష్టమైంది. టేప్ ప్లే చేయగానే కీచుమని సౌండ్, స్క్రీన్ అంచుల్లో ఎరుపూ లేత నీలం చారలు, డేటా మొదలవగానే అవి నీలం పసుపుకి మారిపోతాయి. ఒక పెద్ద గేమ్ ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. చాలా గేములకి ముందు ఒక బొమ్మ వస్తుంది, అది పైనుంచి కిందకి వరసగా రాదు, స్క్రీన్‌ని మూడు ముక్కలు చేసి, పై ముక్కలో ముందు ప్రతి ఎనిమిదో గీత, మళ్ళీ మొదటికొచ్చి వాటి కింది గీతలు, అలా నింపుకుంటూ వస్తుంది, నలుపు తెలుపులో బొమ్మంతా అయ్యాక చివర్లో రంగులు చకచకా పరుచుకుంటాయి. చిన్నప్పుడు అదేదో తమాషా అనుకుని చూసేవాళ్ళం. నిజానికి అది మెమరీ ఎలా అమర్చి ఉందో మన కళ్ళకి కనపడటమే.

మెమరీలో ప్రతి బైట్‌కీ ఒక నంబరు ఉంటుంది, స్క్రీన్ మెమరీ 16384 నుంచి మొదలవుతుంది. పోక్ అంటే ఆ నంబరు చోట మనం చెప్పిన విలువ పెట్టే కమాండ్. పోక్ 16384, 255 అని కొట్టి ఎంటర్ నొక్కండి, ఎడమవైపు పై మూల చిన్న నల్ల గీత పడుతుంది. చిన్న లూప్ రాసి 22527 దాకా అదే పని చేయిస్తే, లోడింగ్ బొమ్మ నిండిన వరసలోనే స్క్రీనంతా నల్లగా నిండుతుంది. మొన్న రాత్రి ఇది చేసి చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయా. ఏ నంబరుకి ఏం జరుగుతుందో కంటితో చూసి నేర్చుకోగలిగిన కంప్యూటర్ నాకు మళ్ళీ దొరకలేదు, ఇప్పుడు నేను వాడే లాప్‌టాప్‌లో మెమరీ ఎన్నో లక్షల రెట్లు ఎక్కువ, అందులో ఒక్క బైట్‌ని కూడా ఇలా చేత్తో ముట్టుకున్నట్టు అనిపించదు.

లోపాలు లేవని కాదు. 256 బై 192 చుక్కల స్క్రీన్‌లో ప్రతి 8 బై 8 గడికి రెండు రంగులే, అందుకే గేమ్‌లో బొమ్మ కదులుతుంటే దాని రంగు పక్కనున్న గోడకీ చెట్టుకీ అంటుకుంటుంది. రంగుల సమాచారం మొత్తం 768 బైట్లలో సరిపెట్టేశారు మరి. సౌండ్ కూడా బీప్ కమాండ్‌తో ఒకసారికి ఒకే స్వరం. అదే ఏడాది వచ్చిన ఇంకో ఇంటి కంప్యూటర్ కమడోర్ 64 తో పోలిస్తే రెండిట్లోనూ వెనకే, అది ఒప్పుకోవాల్సిందే.

కొనాలా అంటే, గేములు మాత్రమే కావాలంటే ఎమ్యులేటర్ (ఇప్పటి కంప్యూటర్‌లోనే దీన్ని అనుకరించే ప్రోగ్రామ్) చాలు. ఇందులో ఉండే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సొంతంగా ఏదైనా రాద్దామనుకుంటే, పిల్లలకి కంప్యూటర్ లోపల ఏముందో చూపిద్దామనుకుంటే మాత్రం తప్పకుండా తీసుకోండి. కొనేముందు ప్రతి బటనూ నొక్కి చూడండి, రబ్బరు కింద ఉండే మెంబ్రేన్ (నొక్కుడు పట్టే పల్చటి ప్లాస్టిక్ పొర) ఇన్నేళ్లకి పెళుసెక్కి ఉంటుంది, కొత్తది వేసుకోవచ్చు, పెద్ద పనేం కాదు. టేప్ లోడింగ్ ఎర్రర్ అని వస్తుంటే వెంటనే క్యాసెట్ పాడైందనుకోకండి, ముందు వాల్యూమ్ మార్చి చూడండి, తర్వాత టేప్ రికార్డర్ హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, అది కొంచెం కొంచెం తిప్పుతూ సౌండ్ బాగా స్పష్టంగా వచ్చేచోట ఆపండి. ఇంకొకటి, పవర్ అడాప్టర్ ఏది పడితే అది గుచ్చొద్దు. దీనికి 9 వోల్టులు, ప్లగ్ మధ్యలో నెగెటివ్, ఇప్పుడు దొరికే వాటిల్లో చాలావాటికి మధ్యలో పాజిటివ్ ఉంటుంది, తిరగేసి పెడితే లోపల పార్టులు కాలిపోతాయి.