బందరు చేపల రేవుకు ఒకసారి వెళ్లి రావచ్చు

హైదరాబాద్‌లో సముద్రపు చేప కావాలంటే చాలామంది ఆదివారం పొద్దున్నే రాంనగర్ మార్కెట్‌కు పోతారు. అక్కడ దొరికే చందువైనా వంజరమైనా ఐసు మధ్య పడుకుని లారీలో వచ్చిందే. పడవ దిగిన చేప ఎలా ఉంటుందో చూద్దామని నేనూ మా బావా కారు తీసి బందరు బయల్దేరాం. విశాఖ హార్బర్ ఇంతకంటే చాలా పెద్దది, అక్కడ హోటళ్లకూ కొదవ లేదు. కానీ మనకు దూరం దాదాపు రెట్టింపు. పైగా గోల్కొండకు రేవంటే బందరే. కుతుబ్ షాహీల కాలంలో అద్దకం బట్టలు ఇక్కడే ఓడలెక్కి పర్షియా దాకా పోయేవి. పుణెలో మొదలై మన ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఇప్పటికీ బందరులోనే ఆగుతుంది.

మొత్తం 340 కిలోమీటర్ల పైచిలుకు. సూర్యాపేట, కోదాడ దాకా ఇబ్బందేమీ లేదు. విజయవాడలో బెంజ్ సర్కిల్ దాటడానికి మాత్రం ఓపిక కావాలి. ఉయ్యూరు వచ్చాక చెరుకు బళ్లు, పామర్రు తర్వాత రెండు వైపులా వరి. డ్రైవింగ్ వద్దనుకుంటే సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కి పొద్దున్నే బందర్లో దిగొచ్చు. కాకపోతే తిరుగు ప్రయాణంలో చేపల పెట్టె పెట్టుకుని బోగీలో కూర్చోవాలి, పక్కవాళ్ల మొహాలు చూడలేం.

బస విషయంలో మా ఇద్దరికీ కుదరలేదు. బావ విజయవాడలో మంచి హోటల్ అన్నాడు, నేను బందర్లోనే అన్నాను. నా మాటే నెగ్గింది, అదే సరైనదని ఇప్పటికీ అంటాను. చేపల వేలంపాట తెల్లవారుజామునే మొదలవుతుంది. విజయవాడలో పడుకున్నవాడు 70 కిలోమీటర్లు వచ్చేసరికి మంచి సరుకంతా వ్యాన్లెక్కేసి ఉంటుంది. అయితే బందరు లాడ్జీల మీద పెద్ద ఆశలు పెట్టుకోకూడదు. మేం దిగినచోట ఫోన్లో చూపించిన ఫోటోలకూ గదికీ పోలికే లేదు. గీజర్ ఉంది, వేడినీళ్లు లేవు. అడిగితే బకెట్టుతో పంపారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ పనిచేసింది, అంతవరకు నయం. కోనేరు సెంటర్ చుట్టుపక్కల ఉంటే తిండికీ ఆటోకీ వెతుక్కోనక్కర్లేదు. డబ్బు కట్టేముందు గది చూడాలి, ముఖ్యంగా బాత్రూమ్.

రేవు ఊరికి ఆనుకుని గిలకలదిండిలో ఉంది. సముద్రం ఎదురుగా కనిపిస్తుందనుకుంటే కనిపించదు. పడవలు నిలిచేది ఒక పాయలో. ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేస్తుంది కాబట్టి పెద్ద బోట్లు లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా పోటు కోసం చూడాలి. మేం వెళ్లేసరికి రెండు బోట్లు సరుకు దింపుతున్నాయి. ప్లాస్టిక్ ట్రేలు చేతులు మారుతూ ఒడ్డుకొస్తున్నాయి, వెనకాల ఐసు పొడి చేసే మిషన్ మోత. పాట పాడే మనిషి రేటు చెప్పే వేగానికి మనకు సగం అర్థం కాదు. కొనేవాళ్లు ఒక్క మాటా మాట్లాడరు. ఒకాయన గడ్డం గోక్కున్నాడు, రొయ్యల కుప్ప ఆయనదైపోయింది! ఇంకో పక్క టేకు చేపలు, సొరలు, కానాగడతలు వేటికవి కుప్పలు పోసి ఉన్నాయి.

పాటలో మనలాంటివాళ్లు కొనలేరు. అక్కడంతా పెద్ద మొత్తాల లెక్క. పాటలో కొని పక్కనే కూర్చుని చిల్లరగా అమ్మే ఆడవాళ్లుంటారు, మన బేరం వాళ్లతో. నేను ఒక చందువను వేలితో నొక్కి చూస్తుంటే ఒకామె ఆపింది. "నొక్కితే ఏం తెలుస్తది బాబూ, ఇది చూడు" అని బొటనవేలితో మొప్ప పైకెత్తింది. లోపల ఎర్రగా, తడిగా, అప్పుడే కోసిన పుచ్చకాయలా ఉంది. పక్కన ఇంకో చేప మొప్ప ఎత్తి గోధుమ రంగు చూపించి, "ఇది నిన్నటిది. పులుసుకైతే పర్లేదు, వేపుడికొద్దు" అంది. తన సరుకులో నిన్నటిదేదో తానే చెప్పిన మనిషితో బేరం ఆడబుద్ధి కాలేదు. బావ మాత్రం ఆడాడు. "ఏంటమ్మా, హైదరాబాద్ నుంచి వచ్చాం" అన్నాడు. "మరి డబ్బులున్నోళ్లే కదయ్యా" అందామె. చందువ, ఒక మోస్తరు పండుగప్ప, గుడ్డున్న పీతలు తీసుకున్నాం. మన దగ్గరి రేట్లతో పోలిస్తే బాగా తక్కువే పడింది.

సౌకర్యాల మాటకొస్తే, ఇది చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం కట్టిన చోటు కాదు. కూర్చోవడానికి జాగా లేదు. నేలంతా చేపనీళ్లు, జారుతుంది. పట్టున్న చెప్పులు వేసుకోవాలి. పిల్లల్ని తీసుకెళ్తే చెయ్యి వదలకూడదు. పనిచేసుకునేవాళ్ల మొహాల మీద కెమెరా పెట్టేముందు అడగడం మర్యాద. అడిగితే వాళ్లే బోటెక్కి చూడమన్నారు.

కొన్నది వండించుకోవడం ఈ ప్రయాణంలో అన్నిటికంటే బాగా జరిగింది. మా ఆటో అబ్బాయికి తెలిసిన ఒక చిన్న మెస్‌లో వంట ఖర్చు వేరుగా తీసుకుని చేసిపెట్టారు. చందువలకు కారం, ఉప్పు, పసుపు తప్ప ఏమీ పట్టించలేదు. పీతల ఇగురులో మిరియాల ఘాటు గట్టిగా ఉంది. పండుగప్ప పులుసు మధ్యాహ్నం బాగానే ఉంది, రాత్రికి ఇంకా బాగుంది. వడ్డించిన పెద్దావిడ పీత డెక్క విరిచి కండ ఎలా లాగాలో చూపించి, నేను లాగలేకపోతే తానే లాగి పళ్లెంలో పెట్టింది. అంతకుముందు పూట బోర్డు పెద్దగా ఉన్న ఒక రెస్టారెంట్‌లో తిన్న రొయ్యల బిర్యానీ గురించి రాయను. హైదరాబాద్ వాళ్లు బందరు వెళ్లి బిర్యానీ అడగడమే అన్యాయం.

చూడ్డానికి డచ్చివాళ్ల సమాధులు తప్పనిసరి. 1600ల మొదట్లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. సమాధుల నల్లరాతి పలకల మీద వంశ చిహ్నాలు, అక్షరాలు ఇప్పటికీ చేత్తో తడిమితే తెలిసేంత లోతుగా ఉన్నాయి. గైడ్ అంటూ ఎవరూ లేరు, కాబట్టి ముందే కొంత చదువుకుని వెళ్తేనే రుచి. బందరుకోటలో మిగిలింది కొంచెమే. 1759లో ఫ్రెంచివాళ్ల నుంచి ఇంగ్లీషు సైన్యం ఈ కోట పట్టుకున్నాక నిజాం సలాబత్ జంగ్ ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసివ్వాల్సి వచ్చింది. ఇక 1864 నవంబరు 1 రాత్రి తుపానుకు ఉప్పెన ఊరి మీద పడి దాదాపు 30,000 మంది పోయారని లెక్క. ఆ తర్వాత రేవు మళ్లీ పాత వైభవానికి రాలేదు.

మంగినపూడి బీచ్ 11 కిలోమీటర్లు. నల్లమట్టి కలిసిన ఒడ్డు, లోతు తక్కువ, గోవా ఊహించుకుంటే నిరాశే. దారిలో కొత్త పోర్టు పనుల లారీలు దుమ్ము లేపుతుంటాయి. సమయం తక్కువుంటే దాన్ని వదిలేసి పెడన వెళ్లమంటాను. టేకు అచ్చులతో కలంకారీ అద్దే షెడ్లు ఉన్నాయి, లోపలికి రానిస్తారు, కొనమని వెంటపడరు. లడ్డూ మాత్రం బందరులోనే కొనాలి, బెల్లంతో చేసే తొక్కుడు లడ్డూ. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ప్రతి కొట్టు మీదా ఆ పేరే. రుచి చూపించమంటే చూపిస్తారు.

చేప ఇంటికి తేవాలంటే థర్మాకోల్ పెట్టె రేవు దగ్గరే దొరుకుతుంది. చేపను పూర్తిగా శుభ్రం చేయించకుండా, కడుపు మాత్రమే తీయించి, కింద పైన ఐసు వేయించాలి. సూర్యాపేటలో మేం టీకి ఆగినప్పుడు నీళ్లు వంపి మళ్లీ ఐసు నింపాం, రాత్రి ఇంటికి చేరేసరికి గట్టిగానే ఉంది. వెళ్లే నెల చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లకు వేట నిషేధం. వేసవి సెలవులని పిల్లల్ని వేసుకుని అప్పుడు వెళ్తే ఒడ్డున కట్టేసిన బోట్లు, వలలు బాగుచేసుకునేవాళ్లు, చెరువు రొయ్యలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు.