మా గుమ్మంలోనే మా పెరటి కాయ: నేటివ్ యాడ్స్ విడ్జెట్‌తో మూడేళ్ళు

వ్యాసం కింద ‘మీకు నచ్చవచ్చు’ అంటూ నాలుగు బొమ్మలు, నాలుగు హెడ్డింగులు వస్తాయే, ఆ పెట్టె గురించి రాస్తున్నాను. వ్యాసాల్లా కనిపించినా అందులో వచ్చేవి ప్రకటనలు, దాన్నే నేటివ్ యాడ్స్ విడ్జెట్ అంటారు. ఎలా పెట్టుకోవాలి, మన సైట్‌లో ప్రకటనలు అమ్మే హక్కు ఎవరికుందో చెప్పే యాడ్స్ డాట్ టెక్స్ట్ ఫైల్లో ఏం చేర్చాలి వంటివి చెప్పను. అవి ఒక పూటలో అయిపోయే పనులు. ఈ పెట్టె ఇచ్చే కంపెనీ పేరు కూడా చెప్పను. ఈ రంగంలో పెద్దవీ చిన్నవీ చాలా ఉన్నాయి. నాకు ఎదురైన సమస్య ఒక్క కంపెనీది కాదని ఇప్పుడు నాకు గట్టి అనుమానం.

నాది చిన్న సైట్. బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళ కోసం రాస్తాను. సంక్రాంతికి ఊరెళ్ళే బస్సులు, స్పెషల్ రైళ్ళు, మారతహళ్ళి చుట్టుపక్కల పీజీల అద్దెలు, ఏ గుడిలో ఏ ఉత్సవం, ఇలాంటివన్నమాట. పగలు ఉద్యోగం, రాత్రి సైట్. 2018 సెప్టెంబరులో గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ తెలుగుకి వచ్చాక నాలుగు డబ్బులు రావడం మొదలైంది కానీ అవి సర్వర్ ఖర్చుకే సరిపోయేవి. 2022 డిసెంబరులో ఈ విడ్జెట్ కూడా పెట్టాను. మొదటి నెల డబ్బు చూసి కనపడిన ప్రతి సైట్ మిత్రుడికీ చెప్పాను, పెట్టుకోండి అని. ఆ మొదటి నెల జనవరి అన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, నాకే తట్టలేదు. ఆ డబ్బంతా సంక్రాంతి బస్సుల వ్యాసం తెచ్చింది. ఫిబ్రవరిలో సగానికి పడిపోయింది. మార్చిలో కేఆర్ పురం నుంచి వైట్‌ఫీల్డ్ మెట్రో మొదలైనప్పుడు రాసిన వ్యాసం వల్ల కాస్త లేచింది, మళ్ళీ పడింది. ఇప్పుడు నన్నడిగితే ‘పర్లేదు’ అంటాను.

అసలు సంగతి 2024 ఆవకాయ సీజన్‌లో మొదలైంది.

మా వీధి చివర ఒక గుంటూరు అక్క పచ్చళ్ళ కొట్టు ఉంది. సొంత అక్కేమీ కాదు, వీధిలో అందరికీ అక్కే. మొదటి నుంచీ నెలకి మూడు వేలు ఇచ్చి నా సైట్‌లో ఒక బ్యానరు పెట్టుకునేది. నెలకొక వ్యాసం కూడా ఉండేది, పైన ‘ప్రకటన’ అని పెద్ద అక్షరాలతో. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆమెకి వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడు, నేను వాడే ఈ విడ్జెట్ కంపెనీ ప్లాట్‌ఫామ్‌లోనే రీమార్కెటింగ్ పెట్టించాడు. అది పనిచేసే తీరు సులువే. అక్క సైట్‌లో పిక్సెల్ అనే చిన్న కోడ్ ఉంటుంది. ఆ సైట్‌కి వచ్చిన ప్రతి ఫోనుకీ అది ఒక గుర్తు వేస్తుంది. ఆ తర్వాత ముప్పై రోజులు ఆ ఫోనులో, ఆ కంపెనీ విడ్జెట్ ఉన్న ఏ పేజీ తెరిచినా అక్క పచ్చడి సీసా కనిపించే వీలుంది.

జూన్‌లో అక్క కొట్టుకి పిలిచి, కాఫీ ఇచ్చి, ట్యాబ్‌లో రిపోర్టు చూపించింది.

“చూడు తమ్ముడూ, నీ సైట్ నుంచి నెలంతా వచ్చినవి నాలుగు ఆర్డర్లు. వీళ్ళ నుంచి అరవై పైనే. ఏమనుకోకు, నీకు మూడు వేలు ఎందుకివ్వాలో నువ్వే చెప్పు.”

చెప్పలేకపోయాను. కాఫీ తాగి వచ్చేశాను. తెలిసినవాళ్ళ ముందు లెక్కలో ఓడిపోతే ఆ బాధే వేరు.

తర్వాత ఆదివారం ఏదో లింక్ సరిచూడటానికి అక్క సైట్ తెరిచాను. అంతే, అప్పటి నుంచి గోంగూర సీసా నా వెంటపడింది. క్రికెట్ స్కోరు చూస్తుంటే ఉంది, ఇంగ్లిష్ పేపర్ తెరిస్తే ఉంది. రెండు రోజుల తర్వాత నా సైట్‌లోనే, నేను రాసిన వ్యాసం కిందే కనిపించింది. నొక్కలేదు, సొంత సైట్‌లో ప్రకటన నొక్కితే ఖాతా పోతుంది. కానీ చూస్తూ కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది.

ఒక పాఠకురాలు నా వ్యాసం చదివి అక్క బ్యానరు నొక్కి కొట్టుకి వెళ్తుంది. కిలో ధర చూస్తుంది. సాయంత్రం ఇంట్లో అడిగి చెప్దాంలే అని మూసేస్తుంది. ఈలోపు గుర్తు పడిపోయింది. రెండ్రోజుల తర్వాత బస్సు టైము చూసుకుందామని ఆవిడ మళ్ళీ నా సైట్‌కే వస్తుంది. కింద సీసా కనిపిస్తుంది, నొక్కుతుంది, కొంటుంది. ఆ నొక్కుకి అక్క ప్లాట్‌ఫామ్‌కి డబ్బు కడుతుంది. అందులో నా వాటాగా కొన్ని పైసలు నాకొస్తాయి. రిపోర్టులో ఆ ఆర్డరు రీమార్కెటింగ్ ఖాతాలో పడుతుంది, ఎందుకంటే చివరి నొక్కు ఎవరిదో వాళ్ళకే పేరు. మొదట పంపింది నేనేనన్న మాట అక్కకి కనపడదు. మన పెరట్లో కాయ కోసి, మన గుమ్మంలో బుట్ట పెట్టుకుని, పక్కింటావిడకి అమ్మినట్టుంది కదా? పైగా ఆ పక్కింటావిడ నన్నే అడుగుతోంది, నీ చెట్టు కాయదేమిటమ్మా అని.

ఇక్కడితో ఆగితే సరే అనుకునేవాణ్ణి. కుర్రాణ్ణి కూర్చోబెట్టి సెట్టింగులన్నీ తెరిపించాను. లోపలెక్కడో ‘చూసిన లెక్క’ అని ఒకటుంది. ప్రకటనని నొక్కకపోయినా, అది పేజీలో కనిపించిన ఒక రోజు లోపల ఆ మనిషి ఏదైనా కొంటే ఆ ఆర్డరు కూడా వాళ్ళ ఖాతాలోకే వెళ్తుంది. ప్రతి నెలా కందిపొడి తెప్పించుకునే పాత కస్టమర్లు ఉన్నారు. వాళ్ళు ఎలాగూ కొంటారు. కొనే ముందు రోజు ఏ పేజీలోనో సీసా బొమ్మ కంటపడి ఉంటే చాలు, ఆ ఆర్డరు రీమార్కెటింగ్ ప్రతాపం. అరవైలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో విడదీసి చూడొచ్చు, కానీ మొదటి పేజీలో అన్నీ కలిపే చూపిస్తారు. ఇంకోటి, ఇప్పటికే కొన్నవాళ్ళని జాబితా నుంచి తీసేసే వీలుంది. కుర్రాడు అది పెట్టలేదు. “నిన్ననే డబ్బా వచ్చిందమ్మా, ఇంకా నా ఫోన్లో తిప్పుతున్నారేంటి” అని ఒకాయన అక్కకి ఫోన్ చేశాడట. ఆయనకి చూపించినందుకు కాదు, ఆయన విసుగ్గా నొక్కితే దానికీ అక్కకి ఖర్చే.

ప్లాట్‌ఫామ్ వాళ్ళకి మెయిల్ పెట్టాను, నా పేజీల్లో ఈ కొట్టు ప్రకటనలకి ఎన్ని నొక్కులొచ్చాయో చెప్పండని. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది, పబ్లిషర్లకి, అంటే నాలాంటి సైట్లవాళ్ళకి, అలాంటి వివరం ఇవ్వరట. నా తలుపు నుంచి ఎవరు వెళ్ళారో నాకే చెప్పరు.

రిపోర్టు ఎంతవరకు నిజమో పరీక్ష పెట్టి చూద్దామన్నది అక్క ఆలోచనే. రెండు వారాలు రీమార్కెటింగ్ ఆపేసి, ఆర్డరు ఫారంలో ‘మా గురించి ఎక్కడ చూశారు’ అని ఒక గడి చేర్చింది. ఆర్డర్లు తగ్గాయి, తగ్గలేదని అబద్ధం చెప్పను. కానీ రిపోర్టు నమ్మితే దాదాపు ఆగిపోవాలి, ఆగలేదు. అప్పటికి మామిడికాయల కాలం కూడా అయిపోవస్తోంది కాబట్టి తగ్గినదాంట్లో దేని వాటా ఎంతో తేల్చలేం. గడిలో నా సైట్ పేరు చాలామందే రాశారు. ‘కొట్టు ముందు నుంచి వెళ్తూ చూశాం’ అని కొందరు. ఒకావిడైతే ‘మా అత్తగారు’ అని మాత్రమే రాసింది.

ఈ వ్యవహారంలో నన్ను నమ్మించిన ఇంకో మాట గుర్తొస్తోంది. 2023లో ఆ విడ్జెట్ కంపెనీ అకౌంట్ మేనేజరు, వచ్చే ఏడాది క్రోమ్‌లో థర్డ్ పార్టీ కుకీలు (ఒక సైట్ చూసినవాళ్ళని ఇంకో సైట్‌లో పోల్చుకునే గుర్తులు) పోతాయి, మాతో ఉంటే మీకు టెన్షన్ లేదు అన్నాడు. 2024 జులైలో గూగుల్ ఆ ఆలోచన మానుకుంది. ఐఫోన్‌లో ఉండే బ్రౌజరు సఫారీ 2020 నుంచే వాటిని ఆపేస్తోంది కాబట్టి ఐఫోన్ వాళ్ళని సీసా అంత సులువుగా వెంటాడలేదు. నా పాఠకుల్లో ఎక్కువమందివి ఆండ్రాయిడ్ ఫోన్లు.

ప్రకటనల నాణ్యత మీద ఒక్క ముక్క. షుగర్ మాయం, మోకాళ్ళ నొప్పులు మాయం రకం ఇప్పటికీ వస్తాయి. షుగర్ నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. బ్లాక్ చేస్తే వారంలో ఇంకో పేరుతో దిగుతాయి. మా అమ్మ నా సైట్ చదువుతుంది, అందుకని రోజూ ఒకసారి చూసి తీసేస్తాను. ఈ చాకిరీకి ఎవరూ డబ్బివ్వరు.

ఉంచాలా తీసేయాలా అంటే, నాకు జీతం ఉంది కాబట్టి నా మాట పట్టుకుని ఎవరూ తీసేయకండి. సైట్ మీదే బతికేవాళ్ళకి జనవరి డబ్బు చాలా పెద్దది. నేను పాత వ్యాసాల కింద ఉంచాను, స్థానిక కొట్ల ప్రకటన ఉన్న పేజీల్లో తీసేశాను. మీ ఊళ్ళో మీకు తెలిసిన కొట్లవాళ్ళెవరూ నేరుగా ప్రకటన ఇవ్వకపోతే నా గొడవ మీకు అసలు రాకపోవచ్చు.

అక్క మూడు వేలు ఇస్తూనే ఉంది, అయితే అడిగి మరీ రెండు వ్యాసాలు రాయించుకుంటోంది. వచ్చే వేసవికి రీమార్కెటింగ్ మళ్ళీ పెడదామా అని మొన్న అడిగింది. వెంటపడే గడువు ముప్పై రోజులు కాదు వారమే ఉండాలి, కొన్నవాళ్ళ పేర్లు తీసేయాలి, చూసిన లెక్క పక్కన పెట్టి నొక్కిన లెక్కే చూడాలి అన్నాను. కుర్రాడికి ఫోన్ చేస్తానంది.