ఇంజన్ వేడి చేసి పెట్టి చూపించేవాడి దగ్గర పాత బండి కొనకండి: జాగ్రత్త

నాకు పాత నల్ల బైకు అంటగట్టిన మనిషి మళ్లీ యాడ్ పెట్టాడు. మీరూ చూసే ఉంటారు. అవే మాటలు: "సింగిల్ హ్యాండ్, ఇంజన్ సీల్ విప్పలేదు, పైసా పని లేదు, తోలుకెళ్లిపోవడమే." మొన్నటిదాకా ఈ మాటలన్నీ నల్ల బండి మీద ఉండేవి. ఆ నల్ల బండి ఇప్పుడు షెడ్డులో మూడు చోట్ల ఉంది. ఇంజన్ పై భాగం, అంటే హెడ్డు ఒక ట్రేలో, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్), పిస్టన్ ఇంకో ట్రేలో, పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంకు కింద గోనెసంచి మీద. 150 సీసీ, సింగిల్ సిలిండర్, గాలికి చల్లబడే ఇంజన్, మీటర్లో 41 వేల కిలోమీటర్లు. కొని పదకొండు రోజులు. బేరం, కాగితాలు, సంతకాలు అవన్నీ చెప్పి విసిగించను. మోసం ఎక్కడ దాచాడో, ఏది చూసి ఉంటే అక్కడికక్కడే దొరికిపోయేవాడో అదే రాస్తున్నా.

బండి దగ్గరికి వెళ్లగానే ఇంజన్ ఫిన్స్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. "ఇప్పుడే పెట్రోలు పోయించుకొచ్చా బ్రదర్, మీ కోసమే" అన్నాడు. ఎంత మర్యాద! చెయ్యి కాలింది గానీ బుర్ర వెలగలేదు. అన్నీ తెలిసి కూడా నోరు మూసుకుని నిలబడితే ఏమవుతుందో ఆ గోనెసంచి చెప్తోంది.

వేడి ఇంజన్ ఏమేం దాస్తుందో వినండి. పిస్టన్ బోరులో వదులైపోతే చల్లగా ఉన్నప్పుడు గోడకి కొట్టుకుంటూ టకటకమంటుంది. ఐదు నిమిషాలు తిరిగితే పిస్టన్ వ్యాకోచించి సందు తగ్గుతుంది, ఆ చప్పుడు సద్దుమణుగుతుంది. వాల్వు స్టెమ్ సీల్స్ (వాల్వుల దగ్గర ఆయిల్‌ని ఆపే రబ్బర్లు) అరిగిన బండి రాత్రంతా ఆగి ఉంటే ఆయిల్ బొట్లుబొట్లుగా లోపలికి దిగి, పొద్దున్నే మొదటి కిక్కుకి సైలెన్సర్ లోంచి నీలం పొగ బుస్సుమంటుంది. ఆ తర్వాత రోజంతా శుభ్రం. కంప్రెషన్ (పిస్టన్ నొక్కే ఒత్తిడి) తగ్గిన ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మొండికేస్తుంది, వేడి మీద సెల్ఫ్ ఒక్కసారి నొక్కితే చాలు. ఇంజన్ లోపల వాల్వులని నడిపే టైమింగ్ చైన్ సాగితే మొదటి రెండు మూడు సెకన్లు గలగలమంటుంది, ఆయిల్ పైకెక్కాక ఆ గోల కూడా తగ్గుతుంది. పొద్దున్నే ముప్ఫై సెకన్లు చెవి పెడితే బయటపడే ఇన్ని జబ్బులని ఒక్క పది నిమిషాల రౌండు వేసి మాయం చేశాడు.

ఫోన్లోనే ముందు చెప్పేయండి: "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని. వెళ్లాక ఇంజన్ వేడిగా ఉందా, రేపు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చెయ్యండి. ఈలోపు వేరేవాళ్లు తీసుకెళ్లిపోతారంటాడు. తీసుకెళ్లనివ్వండి, ఆ అదృష్టం వాళ్లకే రానివ్వండి.

అసలు కిటుకు ఇంకోటుంది. చల్లగా ఉన్నప్పుడు వినపడి వేడెక్కితే పోయేవి కొన్నయితే, దానికి పూర్తిగా రివర్సు, పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు బేరింగు. అది వేడెక్కి ఆయిల్ పల్చబడ్డాకే గట్టిగా కొడుతుంది. కాబట్టి వేడి చేసి చూపించేవాడికి అది బయటపడే ప్రమాదం ఉంది కదా అనుకుంటాం. వాడు దానికీ మందు వేశాడు. ఇంజన్లో ఆయిల్‌ని చిక్కబరిచాడు.

ఈ ఇంజన్‌కి కంపెనీ చెప్పిన ఆయిల్ గ్రేడు, అంటే చిక్కదనం, 10డబ్ల్యూ-30. నీళ్లలా కాకపోయినా చల్లగా ఉన్నప్పుడు కూడా ధారగా కారాలి. డ్రెయిన్ బోల్టు విప్పితే మొదట ఏమీ రాలేదు. తర్వాత ఆముదంలా, తాడులా సాగుతూ దిగింది. లీటరు ఆయిల్ దిగడానికి పట్టిన టైములో ఇంకో బండికి చైన్ మార్చేయొచ్చు. రంగు మాత్రం బంగారం. "మొన్ననే ఆయిల్ మార్పించా" అన్నది అబద్ధం కాదన్నమాట, నిజం చెప్పే ముంచాడు! రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలో చూస్తే వెండి రజను మెరిసింది. అయస్కాంతం పెడితే మీసాల్లా అంటుకుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు, అంటుకుందంటే ఇనుము, అంటే ఎక్కువగా బేరింగు గానీ గేర్లు గానీ. బోరు తీసి కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందకీ కదిపితే టిక్ టిక్ మంది. పక్కకి కొద్దిగా ఆడటం మామూలే, అలా ఆడాలి కూడా. నిలువునా వెంట్రుకంత ఆడినా ఆ రాడ్డు అయిపోయినట్టే. అంటే హెడ్డు, బోరు వరకే విప్పే హాఫ్ ఇంజన్ పనితో పోదు. కేసు మొత్తం విప్పి, క్రాంకు ప్రెస్సులో విడదీసి, రాడ్ కిట్ వేసి, మళ్లీ నొక్కి సెంటర్ చేయించాలి. ఫుల్ ఇంజన్.

చిక్కటి ఆయిల్‌తో ఇంకో తంటా. బైకుల్లో ఎక్కువ వాటికి ఇంజన్‌కీ గేర్లకీ క్లచ్‌కీ ఒకటే ఆయిల్. అందుకే డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని గుర్తు) అని ఉందో లేదో చూసి పోస్తాం. పొగ ఆపుతాం, సౌండ్ తగ్గిస్తాం అనే డబ్బా మందుల్లో జారుడు ఎక్కువున్నది పడితే క్లచ్ ప్లేట్లు పట్టు తప్పుతాయి. నాలుగో రోజుకి అదే మొదలైంది. టాప్ గేర్లో 40 మీద వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం తీరిగ్గా నడుస్తుంది. కొనేముందు చెయ్యాల్సిన పరీక్ష కూడా ఇదే, ఒక్క నిమిషం పని.

బండి చూపించేటప్పుడు స్టార్ట్ చేసింది అతనే. ఆ తర్వాత యాక్సిలరేటర్ మీంచి చెయ్యి తియ్యలేదు. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాడు. సౌండ్ ఎలా ఉంది, పికప్ ఎలా ఉంది, మా బావ అడిగినా ఇవ్వలేదు, అంటూ. ఆ స్పీడులో పగిలిన ఇంజన్ కూడా బాగానే పాడుతుంది. అతని చెయ్యి తీయించండి. వదిలేస్తే 1400 దగ్గర ఆగకుండా నిలబడాలి. ఆ తర్వాత 4000 దాకా ఎక్కించి టక్కున వదలండి. దిగేటప్పుడు కింది నుంచి లోతుగా డబ్ డబ్ మంటే రాడ్డు. పైన సన్నగా టిక్ టిక్ మంటే ట్యాపెట్లు (వాల్వులని నొక్కే భాగాల మధ్య సందు), అది సెట్టింగుతో పోయే పని. తేడా తెలియకపోతే పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకోండి. హెడ్డు, బోరు, కింద కేసు, మూడు చోట్లా పెట్టి వినండి. ఎక్కడ గట్టిగా వినపడితే రోగం అక్కడ.

ఇక ఫోన్ సంగతి. ఆయిల్ ఫోటో పంపి కాల్ చేస్తే ఎత్తాడు, అదే గొప్ప. ఇంజన్లో ఏం పోశారని అడిగితే "ఆయిలే" అన్నాడు. ఒక్క మాట. ఎలాంటి ఆయిల్, ఎక్కడ పోయించారు, ఏమైనా కలిపారా అంటే నవ్వాడు. వెనకాల ఇంకెవరో కూడా నవ్వారు. "పాత బండి కొని కొత్త బండి సౌండ్ రావాలంటే ఎట్లా బ్రదర్? మీరే చెక్ చేస్కుని తీస్కున్నారుగా. మీకు బండ్ల గురించి బాగా తెలుసన్నారు." పెట్టేశాడు. నంబర్ బ్లాక్. బండి పాడైందని కాదండీ కోపం, 41 వేలు తిరిగిన బండికి పని ఉంటుందని తెలియనివాళ్లెవరూ ఉండరు. "రాడ్డు కొడుతోంది, ఆ మేరకు తగ్గించి తీసుకోండి" అని ఉంటే సంతోషంగా తీసుకునే రకం జనం ఇక్కడ బోలెడు మంది. ఆ నవ్వుకే మండింది. చివరి మాటకి మాత్రం జవాబు లేదు. అన్నది నిజమే, తెలుసని చెప్పుకోవడం జరిగింది.

మీటర్లో 41 వేలు కూడా నిజమేనని ఇప్పుడు నమ్మకం లేదు. గ్రిప్పులు కొత్తవి, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు కొత్తవి, గేర్ లివర్ రబ్బరు కొత్తది, సీటు కవరు కొత్తది. ఇవన్నీ చవగ్గా మారిపోతాయి కాబట్టి వీటిని చూసి ఏమీ తేల్చలేం. మార్చడానికి చేతులు రానివి చూడాలి. ముందు చక్రం బ్రేకు డిస్కు అరిగి ఉంటే అంచు మీద వేలు గోరు అడ్డంగా లాగితే గట్టు తగులుతుంది. ఎంత మిగలాలో కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది, వెర్నియర్‌తో ప్యాడ్లు ఆనే చోట కొలవాలి, అంచు గట్టు మీద కాదు. వెనక డ్రమ్ము అయితే బ్రేక్ ఆర్మ్ దగ్గర బాణం గుర్తు ఉంటుంది, పెడల్ నొక్కినప్పుడు గీత దాటితే లైనర్లు అయిపోయినట్టు. మడమ రాసుకునే చోట ఫ్రేము పెయింట్, ఫుట్‌రెస్ట్ పిన్ను రంధ్రం కోడిగుడ్డులా సాగిందా, తాళం రంధ్రం చుట్టూ గీతలు. ఈ బండికి మడమ దగ్గర లోహం అద్దంలా మెరుస్తోంది. 41 వేలకి అంత మెరుపు రాదు.

టైరు మీద డీవోటీ అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడి ఎంత లోతున్నా రబ్బరు పాతబడి పగుళ్లిస్తే పనికిరాదు.

కొత్త బ్యాటరీ చూసి కూడా మురిసిపోకండి, ఛార్జింగ్ లేని బండికి అమ్మే ముందు వేసేది అదే. మల్టీమీటర్ పట్టుకెళ్లండి. ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల చుట్టుపక్కల, 4000 నుంచి 5000 ఆర్‌పీఎం మీద 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 13 దాటకపోతే కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్ గానీ, వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ గానీ పోయింది. 15 దాటిందా, రెగ్యులేటర్ అదుపు తప్పింది, బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. రెగ్యులేటర్ సాకెట్ ప్లాస్టిక్ గోధుమరంగులోకి మాడిందేమో కూడా చూడండి.

పొగ చూసే పద్ధతి: యాక్సిలరేటర్ ఇస్తున్నంతసేపూ నీలంగా వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు. వదిలి కాసేపు దొర్లించి మళ్లీ ఇవ్వగానే ఒక గుప్పెడు వస్తే వాల్వు గైడ్లు, సీల్సు. కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్తే ఇంకా మంచిది. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కొలిచి, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలవాలి. రెండోసారి రీడింగ్ పెరిగితే రింగులు, కదలకపోతే వాల్వులు.

చైను అరిగిందని, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పట్టేస్తోందని, ముందు ఫోర్కు సీల్ కారుతోందని పారిపోవద్దు. ఎక్కువ తిరిగిన బండి అన్నాక అవి ఉంటాయి, ఖర్చెంతో ముందే తెలుసు, ఆ పేరు చెప్పి బేరమాడొచ్చు. వెనక స్ప్రాకెట్ దగ్గర చైన్‌ని వెనక్కి లాగితే సగం పన్ను పైకి లేచిందా, సెట్టు మొత్తం లెక్కలో తగ్గించమనండి. ఫోర్కు రాడ్డు మీద తుప్పు గుంటలుంటే మాత్రం ఎన్ని సీల్సు వేసినా చీరేస్తాయి, రాడ్డు ధర లెక్కెయ్యండి. ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లిగా తిప్పుతుంటే మధ్యలో టక్కున ఆగితే కోన్ సెట్. వెనక చక్రం పట్టుకుని పక్కకి ఊపినప్పుడు కదిలితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే చెయ్యి) బుష్షులు గానీ, చక్రం బేరింగులు గానీ పోయినట్టు. ఇవన్నీ చిల్లర పనులు.

వదిలెయ్యాల్సినవి ఇవీ: ఇంజన్ కింది భాగంలోంచి వచ్చే డబ్ డబ్ సౌండ్, లోడు మీద రెండో గేరు జారి న్యూట్రల్‌లో పడటం, ఫోర్కు స్టాపర్ (హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఆగే చోటు) నలిగి ఉండటం, హ్యాండిల్ కిందున్న వెల్డింగు దగ్గర ఒక్కచోటే కొత్త పెయింట్, ఛాసిస్ నంబర్ మీద ఆకురాయి గీతలు. ధర ఎంత తగ్గించినా వద్దు.

టెస్ట్ రైడ్ సందు చివరిదాకా కాదు, కనీసం అరగంట. తిరిగొచ్చి ఆపి, ఐదు నిమిషాలాగి, మళ్లీ స్టార్ట్ చెయ్యండి. "అంతసేపు ఇవ్వను" అంటే ఎందుకో అర్థమైనట్టే.

సలహాలు ఇంతే, మిగతావి మీకు తెలిసినవే. ఆ మనిషి కొత్త యాడ్‌లో ఈసారి ఎర్ర బండి. మూడో ఫోటో జూమ్ చేసి చూడండి, ఇంజన్ కింద నేల మీద తడి మరక ఉంది, దాని మీద కంగారుగా చల్లిన ఇసుక కూడా కనపడుతోంది.