పెంపుడు పాముకు ఏది మేలు: కోడి ముక్కలా, కోడిపిల్లా, ఎలుకా?

హనుమకొండలో పామును పెంచుతున్నామని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది "పాలు పోస్తారా?" అనే. నాగుల పంచమి నాడు పుట్టలో పాలు పోయడం మన భక్తికి సంబంధించిన విషయం. పాము మాత్రం పూర్తిగా మాంసాహారి, దానికి పాలు సరిపడవు. మా ఇంట్లో ఉన్నది బాల్ పైథాన్, అంటే ఆఫ్రికాకు చెందిన, విషం లేని చిన్న కొండచిలువ జాతి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన పాములను ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక, విదేశీ జాతిని, అదీ కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించి పెంచుతున్నాం.

మేత విషయంలో అన్నింటికంటే సులువుగా కనిపించేది చికెన్ దుకాణం. అయితే ఎముక లేని కోడి మాంసంలో భాస్వరం కాల్షియంకు పది రెట్లకు పైగా ఉంటుంది; పాముకు కావలసింది కాల్షియం భాస్వరంతో సమానంగానో, అంతకు కొంచెం ఎక్కువగానో ఉండే ఆహారం. ఈ లోటు నెలల తరబడి సాగితే శరీరం తన ఎముకల నుంచే కాల్షియంను లాక్కుంటుంది, ఎముకలు మెత్తబడతాయి. ఆ మాంసంతో పాటు కాలేయం ఉండదు కనుక విటమిన్ ఎ కూడా అందదు. కాల్షియం, విటమిన్ పొడులు చల్లి ఈ లోటును పూడ్చవచ్చని కొందరు అంటారు కానీ, ఎంత చల్లాలో ఇంట్లో లెక్కగట్టడం కష్టం. నేనైతే ఈ దారిని ఒప్పుకోను.

హ్యాచరీల నుంచి వచ్చే ఒకరోజు కోడిపిల్ల దీనికంటే ఎంతో నయం, ఎందుకంటే అది ఎముకతో, పేగులతో, సొనతో సహా మొత్తం ప్రాణి. కాకపోతే దాని లేత ఎముకల్లో కాల్షియం ఎదిగిన ఎలుకలో ఉన్నంత ఉండదు, మలం కూడా పలుచగా, ఘాటైన వాసనతో వస్తుంది. అప్పుడప్పుడు పెట్టడానికి మంచిదే.

ప్రధాన మేతగా నా ఓటు ఫారంలో పెరిగిన ఎలుకకే, అదీ చంపి గడ్డకట్టించినదానికి. బతికిన ఎలుక పాము కంటినో వీపునో కొరికి గాయం చేయగలదు. పత్తి, వరి చేలలో పట్టిన ఎలుక ఎంత చవకగా దొరికినా వద్దు. అది జింకు ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు తిని ఉండవచ్చు, పరాన్నజీవులనూ మోసుకురావచ్చు. గడ్డకట్టిన ఎలుకను రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచి, తర్వాత కవరులో చుట్టి వేడినీళ్లలో వేస్తాను. పొట్ట దగ్గర వేలితో నొక్కితే లోపల గట్టిగా, చల్లగా తగలకూడదు. ఎలుక లావు పాము నడుము లావును మించకూడదు. ఎదిగిన పాముకు రెండు మూడు వారాలకు ఒకటి చాలు.

కోడిపిల్లలకు అలవాటుపడిన మా పాము మొదట ఎలుకను ముట్టలేదు. కరిగిన ఎలుక ముక్కుకూ వీపుకూ కోడిపిల్ల నూగును బాగా రుద్ది పటకారుతో అందిస్తే, రెండుసార్లు వాసన చూసి వెనక్కి తగ్గి, మూడోసారి పట్టుకుంది.